వెయ్యి మైళ్ళు, మూడు మిల్లీమీటర్ల గాడి: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 10, శనివారం

నిన్న రాత్రి క్లబ్బులో మాట ఖాయమైంది. మే 2న ఊరి హాల్లో రోజంతా స్లాట్ కార్ల పందెం. వచ్చే ప్రతి పౌండూ ఊరి చివరున్న హాస్పిస్‌కే, అంటే చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే చోటుకు. ట్రాక్ కట్టే పని నేను నెత్తికెత్తుకున్నాను. చేతిలో పదహారు వారాలున్నాయి.

మేముండేది ఇంగ్లండులో, కోవెంట్రీ పక్కన చిన్న ఊళ్ళో. క్లబ్బంటే పద్నాలుగు మందిమి. స్లాట్ కారు ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు: అసలు కారులో ముప్ఫై రెండో వంతు ఉండే బొమ్మకారు ఇది, అరచేతిలో పట్టేస్తుంది. ముందు చక్రాల మధ్య కిందికి చిన్న రెక్క ఉంటుంది, దాన్ని గైడ్ బ్లేడ్ అంటారు. అది ట్రాక్‌లో కోసిన గాడిలో దిగి నడుస్తుంది. గాడికి రెండు పక్కలా రాగి పట్టీలు, వాటిలో 12 వోల్టుల కరెంటు. చేతిలో తుపాకీ ట్రిగ్గర్ లాంటి కంట్రోలర్. స్టీరింగ్ లేదు. ఎక్కడ నొక్కాలి, ఎక్కడ వదలాలి, అంతే విద్య. మలుపులో ఎక్కువ నొక్కితే కారు అక్షరాలా గాడి తప్పుతుంది. పక్కన నిలబడ్డ మార్షల్ దాన్ని తీసి మళ్ళీ గాడిలో పెట్టాలి.

హాస్పిస్‌కే ఎందుకంటే, మా క్లబ్బు పెద్దాయన భార్య చివరి అయిదు వారాలు అక్కడే ఉన్నారు. ఆయన పదహారేళ్ళ వయసులో జాగ్వార్ బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నిన్న మాత్రం లేచి, "వాళ్ళు నాకు కూడా రోజూ టీ ఇచ్చేవాళ్ళు" అని మళ్ళీ కూర్చున్నారు. అంతటితో చర్చ ముగిసింది.

ఏ రేసు పేరు మీద అన్నప్పుడు నేను మిల్లె మీల్యా అన్నాను. ఇటలీలో బ్రెషియా నుంచి రోమ్ దాకా, రోమ్ నుంచి మళ్ళీ బ్రెషియా దాకా, మామూలు జనం తిరిగే రోడ్ల మీద వెయ్యి మైళ్ళ పందెం. 1927లో మొదలైంది. 1957 మేలో ఆగిపోయింది. అదే 1957 జనవరిలో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన స్కేలెక్స్‌ట్రిక్ అనే స్లాట్ కార్ల సెట్టుని లోకానికి చూపించాడు. అంటే రోడ్డు మీద పందెం పోయిన ఏడాదే బల్ల మీద పందెం బజారుకొచ్చింది. ఈ రెండు తారీఖులూ నా బుర్రలో ఎప్పటినుంచో పక్కపక్కనే ఉన్నాయి.

జనవరి 11, ఆదివారం

రాత్రి నిద్ర పట్టక లెక్కలు వేశాను. 1955లో రూటు 1,597 కిలోమీటర్లు. 32తో భాగిస్తే దాదాపు 50 కిలోమీటర్లు. మన హాల్లో లేన్ పొడవు 20.8 మీటర్లు తెప్పించగలిగితే 2,400 చుట్లకు సరిగ్గా ఆ దూరం వస్తుంది. అంటే రూటంతా ఒక్క మైలు తగ్గకుండా, స్కేలు ప్రకారం మొత్తం నడపొచ్చు.

1955లో స్టిర్లింగ్ మోస్, పక్కన డెనిస్ జెంకిన్సన్, మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్‌లో ఆ దూరాన్ని 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించారు. సగటు వేగం గంటకు 157 కిలోమీటర్ల పైచిలుకు. ఆ రికార్డును తర్వాత ఎవరూ దాటలేదు. ఆ సమయాన్ని 2,400తో భాగిస్తే చుట్టుకు 15.2 సెకన్లు. వేగాన్ని 32తో భాగిస్తే గంటకు 5 కిలోమీటర్లు కూడా లేదు. మనిషి నడక! మా క్లబ్బు కార్లు ఇలాంటి ట్రాక్ మీద చుట్టు తొమ్మిది సెకన్లలో కొడతాయి. కానీ 15.2 అంటే ఆరేళ్ళ పిల్ల కూడా నడపగల వేగం.

అక్కడే ఆలోచన తట్టింది. నాలుగు లేన్లలో మూడు క్లబ్బు జట్లకు. నాలుగోది ఊరివాళ్ళకు. మిల్లె మీల్యాలో కారు నంబరే అది బయల్దేరే సమయం. మోస్ కారు నంబరు 722, పొద్దున 7 గంటల 22 నిమిషాలకు కదిలింది. మనమూ 7:22కే మొదలుపెడదాం. రెండు పౌండ్లిచ్చిన ప్రతి ఒక్కరూ పది చుట్లు నడిపి కంట్రోలర్ పక్కవాళ్ళకు ఇస్తారు. అలా 240 మంది చేతులు మారితే సాయంత్రం 5:29:48కి మోస్ బ్రెషియా చేరినట్టు మన కారూ చేరాలి.

పది చుట్లంటే అసలు రోడ్డు మీద 6.65 కిలోమీటర్లు. కాబట్టి ఎవరు ఏ ముక్క నడిపారో టికెట్టు మీద రాసివ్వొచ్చు. పాప అప్పుడే టికెట్ల బాధ్యత తనదే అంది.

జనవరి 25, ఆదివారం

ఆరు ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన) షీట్లు తెచ్చాం, 12 మిల్లీమీటర్ల మందం. గీసిన నమూనా ఎనిమిది అంకె ఆకారం, మధ్యలో వంతెన. నాలుగు లేన్లున్న ట్రాక్ ఊరికే గుండ్రంగా తిరిగితే బయటి లేన్‌కి దూరం ఎక్కువవుతుంది. ఎనిమిదిలా తిప్పితే ఒక మలుపులో బయట ఉన్నది రెండో మలుపులో లోపలికి వస్తుంది, దూరాలు దాదాపు సర్దుకుంటాయి. పెన్సిల్ గీతల మీద దారం పరిచి కొలిచాను: 20.76, 20.79, 20.81, 20.84. సంతోషం.

బ్రెషియా స్టార్ట్ ర్యాంపు ఒక చివర. వంతెన ఎక్కే భాగం ఫ్యూటా కనుమ, ఫ్లోరెన్స్‌కీ బొలోన్యాకీ మధ్య కొండదారి. వంతెన కింద ఒక రైల్వే గేటు పెట్టాలని నా ఆశ. 1954లో హాన్స్ హెర్మన్ తన పోర్షే 550లో గేటు పడుతుండగా ఆగలేక, పక్కనున్న హెర్బర్ట్ లింగె తలను కిందికి నొక్కి, తనూ వంగి, గేటు కింది నుంచి దూసుకుపోయాడు. ఆ కారు అంత పొట్టిది. గేటు పని సగంలో వదిలేసినా బాధపడను, ముందు ట్రాక్ నడవాలి.

ఫిబ్రవరి 8, ఆదివారం

గాడి కోత అయిపోయింది. మెలికలు తిరిగే ప్లాస్టిక్ పట్టీని గీత వెంబడి మేకులతో బిగించి, దానికి ఆనించి రూటర్ (చెక్కలో గాడి కోసే యంత్రం) నడిపాం. గాడి వెడల్పు 3 మిల్లీమీటర్లు, లోతు 7. ఒకేసారి 7 దించితే బిట్ వేడెక్కి ఎండీఎఫ్ మాడిన వాసన వస్తుంది, అంచులు నల్లబడతాయి. రెండు సార్లుగా కోస్తే గాడి గోడలు గాజులా నున్నగా వచ్చాయి. మాస్కులు పెట్టుకున్నా ఆ దుమ్ము కనుబొమల్లో, చెవుల్లో, టీ ఫ్లాస్కు మూత కింద కూడా చేరింది.

లేత బూడిదరంగు పెయింటు రెండు పూతలు వేశాం. ఆ రోజుల ఇటలీ రోడ్లు ఫోటోల్లో తెల్లటి దుమ్ముతో కనిపిస్తాయి, నల్లటి తారు రంగు వేస్తే అబద్ధమవుతుందనిపించింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

రాగి టేపు. 6 మిల్లీమీటర్ల వెడల్పు, వెనక జిగురు. నాలుగు లేన్లకు, గాడికి రెండు పక్కలా కలిపి 166 మీటర్లు పైనే. మలుపుల్లో టేపును సాగదీయకుండా వేలితో నిమురుతూ కొంచెం కొంచెంగా వంచుకుంటూ పోవాలి. తొందరపడితే లోపలి అంచు ముడతపడుతుంది, కారు కింద కరెంటు అందుకునే రాగి అల్లిక (బ్రెయిడ్) ఆ ముడతకు తట్టుకున్న ప్రతిసారీ మోటారు ఎక్కిళ్ళు పెడుతుంది. అన్నం తినే స్పూను వెనక భాగంతో రుద్దితే టేపు బాగా అంటుకుంటుందని పెద్దాయన చూపించారు. నాలుగు గంటలు ఇద్దరం స్పూన్లతో రుద్దుతూ కూర్చున్నాం. మధ్యలో ఆయన ఒకే మాట అన్నారు: "1952లో డిస్క్ బ్రేకులు వేసిన మా సీ-టైప్‌ని మోస్ నడిపింది ఈ రేసులోనే, తెలుసా? పక్కన నార్మన్ డూయిస్." సీ-టైప్ అంటే జాగ్వార్ రేసు కారు, డూయిస్ జాగ్వార్ టెస్ట్ డ్రైవరు. పెద్దాయన చేరేనాటికి అది పదేళ్ళ పాత సంగతి. అయినా "మా" అన్నారు.

మార్చి 8, ఆదివారం

మొదటిసారి కరెంటు ఇచ్చాం. కారు స్టార్ట్ దగ్గర చిరుతలా దూకింది, ఫ్యూటా ఎక్కేసరికి ముసలి ఎద్దులా నడిచింది. మీటరు పెట్టి చూస్తే స్టార్ట్ దగ్గర 12 వోల్టులు, వంతెన మీద 10.7. రాగి టేపు పల్చన, దూరం ఎక్కువ, దారిలోనే వోల్టేజి పడిపోతోంది.

దీనికి మందు తెలిసిందే: బల్ల కింద మందపాటి వైరు రెండోదారిలా వేసి, ప్రతి షీటు దగ్గరా పైనున్న టేపుకు కలపడం. తెలియని జబ్బు ఇంకొకటి బయటపడింది. మూడో షీటూ నాలుగో షీటూ కలిసే చోట లేన్ 2లో కారు ఒక్క క్షణం చచ్చి బతుకుతోంది. నేను షీట్ల అతుకు మీదుగా టేపును ఏకంగా లాగేశాను. హాలు రాత్రిళ్ళు చల్లబడి పొద్దున హీటరు వేయగానే చెక్క కదులుతుంది. అతుకు దగ్గర టేపులో వెంట్రుకంత చీలిక వచ్చింది, భూతద్దంలో తప్ప కనపడదు.

అన్ని అతుకుల దగ్గరా టేపును బ్లేడుతో కోసేశాను. కోసిన అంచులను రెండు షీట్ల మధ్య సందులోకి మడిచి, వెనక నుంచి వైరు సోల్డర్ చేసి కలిపాను. మొదటి రెండు చోట్ల సోల్డరింగ్ ఐరన్‌ని ఎక్కువసేపు ఆనించడంతో జిగురు కరిగి టేపు లేచిపోయింది. ముందే టేపు చివరకీ వైరుకీ విడివిడిగా సోల్డర్ పూసుకుని, రెండింటినీ ఆనించి ఒక్క సెకను తాకిస్తే చాలు. ట్రాక్ అతుకును దాటే ప్రతి చోటా ఎనిమిది టేపులు, అతుక్కి రెండు వైపులా. నూట పన్నెండు సోల్డర్లు. రాత్రి పదకొండుకు ఆఖరిది పడింది. తర్వాత ఏ మూల మీటరు పెట్టినా 11.8కి తగ్గలేదు.

మార్చి 21, శనివారం

నాన్న వచ్చారు, మే నెలాఖరు దాకా ఉంటారు. మార్కాపురం డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అందులో ఎక్కువ ఏళ్ళు దోర్నాల మీదుగా శ్రీశైలం బండే. ఇక్కడి చలికి రెండు స్వెట్టర్లు వేసుకుని హాలుకు వచ్చి, ట్రాక్ చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు. ఫ్యూటా దగ్గర ఆగారు.

"ఏందిరా, ఇది ఘాటా?"

"అవును నాన్నా. కొండదారి."

"హెయిర్‌పిన్ సరిగ్గానే వేశావు. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు కదా భయం."

నిజం. దిగేటప్పుడే కార్లన్నీ గాడి తప్పుతున్నాయి. వంతెన దిగే వాలు కొంచెం పొడిగించాలని అప్పటికే నోటుపుస్తకంలో రాసుకున్నాను.

తర్వాత మోస్, జెంకిన్సన్ల సంగతి చెప్పాను. పోటీకి ముందు ఇద్దరూ రూటంతా తిరిగి ప్రతి మలుపూ రాసుకున్నారు. జెంకిన్సన్ ఆ నోట్సును పొడవాటి కాగితం చుట్టగా చేసి, పైన పారదర్శకమైన కిటికీ ఉన్న అల్యూమినియం పెట్టెలో అమర్చుకుని, చుట్టుకుంటూ చదివాడు. పైన కప్పులేని కారు, ఎనిమిది సిలిండర్ల హోరు. నోటి మాట వినపడదు. అందుకని చేతి సైగలు పెట్టుకున్నారు. దారిలో వాంతి చేసుకోబోయి కళ్ళజోడు గాలికి పోగొట్టుకున్నాడు, అదృష్టం కొద్దీ జేబులో ఇంకోటి ఉంది. పది గంటలూ సైగలు ఇస్తూనే ఉన్నాడు. కొండ మీద అవతల ఏముందో కనపడని చోట్ల మోస్ ఆ సైగను నమ్మి కాలు తీయకుండా పోయాడు.

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. "మా కండక్టరు ఈల లాంటిదే. ఒక్క ఈల వేస్తే ఆపాలి, రెండేస్తే పోవాలి. వెనక్కి తిరిగి చూసేది లేదు" అన్నారు.

722 లేన్‌లో డ్రైవరు పక్కన కూర్చునే మనిషి ఎవరో నాకు అక్కడే తేలిపోయింది.

ఏప్రిల్ 4, శనివారం

722 కారు. రెజిన్ బాడీ, వెండి రంగు, ఎర్ర అంకెలు. లోపల రెండు బొమ్మలు. ఎడంచేతి వైపు మోస్, కుడివైపు గడ్డంతో, ఒళ్ళో పెట్టెతో జెంకిన్సన్. పెట్టె మీద కిటికీ కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కను బియ్యపు గింజ కంటే చిన్నగా కోసి అతికించాను.

కింద ఉన్న మోటారు, గేర్లు చాలా దూరం పోవాలి. వెనక చక్రం వ్యాసం 20 మిల్లీమీటర్లు, అంటే 50 కిలోమీటర్లకు దాదాపు 8 లక్షల సార్లు తిరగాలి. గేర్లు 9 పళ్ళు, 27 పళ్ళు. అంటే మోటారు 24 లక్షల చుట్లు. అయస్కాంతం తీసేశాం. కొనుక్కునే కార్లలో చాలావాటికి కింద అయస్కాంతం ఉంటుంది, ఇనుప పట్టాల ట్రాక్‌కు కారును అతుక్కునేలా చేస్తుంది. మాది రాగి కాబట్టి ఎలాగూ పనిచేయదు, పైగా అది లేకపోతేనే కారు తోక ఊగడం కనిపిస్తుంది. బరువు కోసం గైడ్ వెనక నాలుగు గ్రాముల సీసం అతికించాను.

టైర్లు గుండ్రంగా లేకపోతే కారు కుప్పిగంతులు వేస్తుంది. గాజుపలక మీద ఉప్పుకాగితం పరిచి, కారును వెనక నుంచి పట్టుకుని, మోటారు నెమ్మదిగా తిప్పుతూ చక్రాలను ఆనించాలి. మొదట టైరులో ఒక పక్క మాత్రమే గరకుగా మారుతుంది. చుట్టూ ఒకే రకం గరుకు వచ్చేదాకా ఓపిక పట్టాలి. నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత కారు శబ్దమే మారిపోయింది, గరగర పోయి సన్నటి ఈల మిగిలింది.

పిల్లల లేన్‌కి వోల్టేజి 8కి తగ్గించాం. గాడి కింద ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్, దాన్నించి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకి తీగ. చుట్టు 15.2 కంటే వెనకబడితే పసుపు దీపం, సరిగ్గా ఉంటే ఆకుపచ్చ. జెంకిన్సన్ పెట్టె కోసం పాప తన పాత టిఫిన్ డబ్బా ఇచ్చింది. రెండు పెన్సిళ్ళకు దుకాణంలో బిల్లు కొట్టే కాగితం చుట్ట బిగించాం. దాని మీద 240 గీతలు, ప్రతి గీత దగ్గరా ఊరి పేరు: వెరోనా, రావెన్నా, పెస్కారా, లాక్విలా, రోమ్, సియెనా...

ఏప్రిల్ 18, శనివారం

ఈ రోజు సంగతి పూర్తిగా రాయాలి.

పెద్దాయన శీతాకాలమంతా కూర్చుని మనుషుల బొమ్మలకు రంగులు వేశారు. మూడొందలు దాటాయి. టోపీ పెట్టిన రైతులు, నన్‌లు, సైకిలు మీద కుర్రాడు, తండ్రి భుజాల మీద కూర్చున్న పిల్లాడు. రెండంగుళాలకు కాస్త ఎత్తైన బొమ్మల మొహాల్లో కనుబొమలు కూడా ఉన్నాయి. అవన్నీ ట్రాక్ వెంబడి అతికిస్తున్నాం. ఫోటోల్లో ఎలా ఉంటుందో అలాగే, కార్లకు ఆనుకుని, రోడ్డు మీదికి తొంగిచూస్తూ.

నాన్న వంగి చూశారు. "ఒరేయ్, మలుపుకి బయటి పక్క మనుషుల్ని పెట్టావేందిరా? బండి అదుపు తప్పితే వచ్చేది అటేగా."

నేను అతికించడం ఆపి, గుయిదిత్సోలో అనే ఊరి దగ్గర జరిగిన సంగతి చెప్పాను. 1957 మే 12. బ్రెషియా చేరువకు వచ్చేసిన అల్ఫాన్సో దె పోర్తాగో ఫెరారీ టైరు పేలింది. తను, పక్కనున్న ఎడ్మండ్ నెల్సన్, రోడ్డు పక్కన చూస్తున్న తొమ్మిది మంది పోయారు. ఆ తొమ్మిది మందిలో అయిదుగురు పిల్లలు. ఆ తర్వాత ఆ రోడ్ల మీద అలాంటి పందెం మళ్ళీ జరగలేదు.

"అది మలుపా?"

"కాదు నాన్నా. తిన్నటి రోడ్డు."

నాన్న ఇంకేమీ అడగలేదు. చివరి షీటు దగ్గరికి వెళ్ళి, బ్రెషియాకు ముందున్న తిన్నటి ముక్కలో అప్పటికే అతికించిన బొమ్మలను గోటితో ఒక్కొక్కటే లేపి అరచేతిలో వేసుకున్నారు. పెద్దాయనకు ఆ భాష రాదు, ఎవరూ అనువదించలేదు. కాసేపు చూసి ఆయనా రెండో వైపు నుంచి మొదలుపెట్టారు. భుజాల మీద పిల్లాడున్న తండ్రి బొమ్మను తీసుకెళ్ళి సియెనాలో గోడ వెనక నిలబెట్టారు.

ఆ ముక్క ఖాళీగా ఉంటుంది. రోడ్డు పక్క మైలురాళ్ళు మాత్రమే. నన్నడిగితే ఈ రేసును ప్రేమించేవాళ్ళు దాన్ని ఎందుకు ఆపేశారో కూడా అంతే ప్రేమగా చెప్పాలి. హాల్లోకి వచ్చే పిల్లలకు 722 వెండి కారు మాత్రమే చూపించి పంపడం నాకు ఇష్టం లేదు. రాత్రి క్లబ్బువాళ్ళందరితో మాట్లాడాను. గుయిదిత్సోలో ఊరు వచ్చే పది చుట్లకు టికెట్టు అమ్మం. ఆ పది చుట్లూ నెమ్మదిగా మేమే నడుపుతాం. 240 కాదు, 239 టికెట్లు. 478 పౌండ్లు. ఎవరూ కాదనలేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

పూర్తి రిహార్సల్. 722 కారు 600 చుట్లకే బ్రెయిడ్ అరిగిపోయి, రాగి పోగులు చీపురులా విచ్చుకుని, పక్క పట్టీని తాకి షార్ట్ అయింది. పవర్ సప్లై ట్రిప్ అవడంతో నాలుగు లేన్లూ ఆగిపోయాయి. నాకు ముచ్చెమటలు పోశాయి. ఇక నుంచి ఏ లేన్‌కి ఆ లేన్ ఫ్యూజు. మోస్ పెస్కారాలోనూ రోమ్‌లోనూ పెట్రోలుకి ఆగాడు కదా, మేమూ కాగితం మీద ఆ పేర్లొచ్చిన చోట ఆగి బ్రెయిడ్ మారుస్తాం. తిరుగుదారిలో ఫ్లోరెన్స్‌లో ఇంకోసారి. మూడు స్టాపులూ కలిపి నాలుగు నిమిషాల లోపు. బ్రెయిడ్ మార్చడం స్టాప్‌వాచ్ పెట్టుకుని ప్రాక్టీసు చేశాను: మొదట 3 నిమిషాల 10 సెకన్లు, పన్నెండోసారికి 55 సెకన్లు.

రైల్వే గేటు కూడా పూర్తయింది.

మే 3, ఆదివారం

నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను, రాత్రి చేతులు లేవలేదు.

పొద్దున ఏడింటికి హాల్లో పదకొండు మంది ఉన్నారు, వాళ్ళలో తొమ్మిది మంది మావాళ్ళే. 7:22కి 722ను హాస్పిస్‌లో రాత్రి డ్యూటీ ముగించుకుని అలాగే వచ్చిన నర్సు గారితో కదిలించాం. పది చుట్లు నడిపి, ఇంటికెళ్ళి నిద్రపోయి, మధ్యాహ్నం కొడుకును వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చారు.

తొమ్మిదింటికి జట్లు మొదలయ్యాయి. 1927 నుంచి 1957 దాకా ఆ రేసులో పరిగెత్తిన కార్లే ఉండాలన్నది మా నియమం. ఒక జట్టు పోర్షే 550, ఒక జట్టు జాగ్వార్ సీ-టైప్, మూడోది ఫెరారీ. నాలుగు వందల చుట్లకోసారి లేన్లు మారారు. ఆ పోటీ గురించి ఎక్కువ రాయను, సీ-టైప్ 6 గంటల 22 నిమిషాల్లో ముగించి గెలిచింది. జనం చూపంతా మాత్రం పక్క లేన్‌లో నడిచే వేగంతో పోతున్న వెండి కారు మీదే.

నాన్న మధ్యాహ్నం గంట తప్ప పొద్దంతా ఆ కుర్చీలోంచి లేవలేదు. మెడలో మార్షల్ ఈల, ఒళ్ళో టిఫిన్ డబ్బా. ప్రతి పిల్లా కూర్చోగానే "రైట్ రైట్!" అనేవారు. మొదట ఒక బాబు తెల్లబోయి, కుడివైపు మలుపు వస్తోందేమోనని ట్రిగ్గర్ వదిలేశాడు. మా దగ్గర బస్సులో దాని అర్థం పోనీయమని చెప్పాను. పదింటికల్లా క్యూలో ఉన్న పిల్లలందరూ "రైట్ రైట్" అని అరుస్తున్నారు. మలుపుకు ముందు నాన్న అరచేయి కిందికి, తిన్నటి దారిలో వేళ్ళు ముందుకు. మాట అవసరం రాలేదు.

పెస్కారా స్టాపు 52 సెకన్లు. రోమ్‌లో ఒక నిమిషం. ఫ్లోరెన్స్ దాటాక ఫ్యూటా దిగుతూ కారు గాడి తప్పి బల్ల అంచు దాటి కింద పడింది. ముందు చక్రం ఇరుసు వంగింది. ఇరుసు మార్చి, గైడ్ సరిచేసి, జెంకిన్సన్ బొమ్మను మళ్ళీ అతికించేసరికి ఆరు నిమిషాల పైన పోయాయి. పసుపు దీపం వెలిగిపోయింది. అక్కడి నుంచి వచ్చిన పిల్లలు, పెద్దలు చుట్టు 14 సెకన్లకు దించి, అయిదు నిమిషాలకు పైగా వెనక్కి రాబట్టారు. ఎవరికీ చెప్పలేదు, దీపం చూసి వాళ్ళే నొక్కారు.

గుయిదిత్సోలో దగ్గర నేను కంట్రోలర్ తీసుకున్నాను. టికెట్టు ఎందుకు లేదో పాప మైకులో రెండు వాక్యాల్లో చెప్పింది. పది చుట్లు. హాల్లో కారు ఈల తప్ప ఏమీ వినపడలేదు.

ఆఖరి టికెట్టు, 240వది, పెద్దాయన ఎప్పుడో జనవరిలోనే కొనుక్కున్నారు. ఆయన కూర్చున్నారు. నాన్న డబ్బాలో కాగితం చివరి గీత దాకా చుట్టారు. ఇద్దరికీ కలిసే భాష ఒక్క ముక్క లేదు. నాన్న అరచేయి కిందికి దించితే ఆయన వేలు వదిలింది, చేయి ముందుకు చాచితే నొక్కింది. ఒక్కసారి కూడా ఆయన నాన్న వైపు తల తిప్పలేదు. కంటి చివరి నుంచే చూసుకుంటున్నారు.

పదో చుట్టు సెన్సర్ దాటింది. 5 గంటల 31 నిమిషాల 10 సెకన్లు. మోస్ కంటే 82 సెకన్లు ఆలస్యం. అందరూ చప్పట్లు కొడుతున్నారు. పెద్దాయన వేలు ట్రిగ్గర్ మీదే ఉంది, కారు ర్యాంపు దాటి ఇంకో చుట్టు మొదలుపెట్టింది, వెరోనా వైపు. నాన్న దాన్ని పూర్తి చుట్టు తిరగనిచ్చారు. అది ర్యాంపు దగ్గరికి వచ్చాక ఈల నోట్లో పెట్టుకుని ఒక్కసారి ఊదారు.

కారు ఆగింది.